శీనూ, విమానం కొనేశాం

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మా పిల్లలూ కులాసానా? "సెకండ్ హ్యాండ్ విమానమా, నీకేమైనా పిచ్చా!" అని ఫోన్లో కేకలేశావు కదా, అప్పట్నుంచీ నీకు తీరిగ్గా రాయాలనుకుంటున్నా. కొనేశాం రా. 1981 నాటి సెస్నా 172. ఒకటే ఇంజిన్, నాలుగు సీట్లు. పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే అమెరికాలో విమానం నేరుగా మన పేరు మీద రిజిస్టర్ కాదు, అందుకే ఇన్నాళ్లూ ఆగాను.

1981 అని చదవగానే నీ మొహం ఎలా మారిందో ఊహించుకోగలను. ఇక్కడ ఇది మామూలే. 172లు ఇప్పటిదాకా 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రమాదాల కేసుల్లో నష్టపరిహారాల భారం పెరిగిపోయి 1986లో సెస్నా వీటి తయారీ ఆపేసింది. పాత విమానాల మీద కంపెనీ బాధ్యతకు 18 ఏళ్ల గడువు పెడుతూ 1994లో చట్టం వచ్చాక, 1996లో మళ్లీ మొదలుపెట్టింది. కాబట్టి మన బడ్జెట్లో దొరికేవన్నీ నలభై ఏళ్లు దాటినవే. వయసు కన్నా ఎవరు ఎలా చూసుకున్నారన్నదే అసలు సంగతి. అది లాగ్‌బుక్కులు, అంటే విమానం తిరిగిన గంటలూ చేసిన రిపేర్లూ రాసిపెట్టే పుస్తకాలు, చూస్తే తెలిసిపోతుంది. మొదట చూసిన విమానం పెయింట్ తళతళలాడుతోంది, లోపల లెదర్ సీట్లు. కానీ మొదటి పదేళ్ల లాగ్‌బుక్కులు లేవు. "ఎక్కడో పోయాయి" అన్నాడు అమ్మేవాడు. ఇంకో మాట మాట్లాడకుండా వచ్చేశాను.

నువ్వు రోజూ ఇంజిన్లతోనే ఉంటావు కాబట్టి నీకిది చెప్పాలి. మా దాంట్లోది లైకమింగ్ కంపెనీ ఇంజిన్. ఇందులో వాల్వులు తెరిపించే క్యామ్‌షాఫ్ట్, ప్రొపెల్లర్‌ని తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కి పైన ఉంటుంది. విమానం నెలల తరబడి కదలకుండా పడుంటే ఆయిలంతా కిందికి దిగిపోయి క్యామ్‌కి తుప్పు పడుతుంది. మళ్లీ స్టార్ట్ చేసి తిప్పితే క్యామ్‌ని ఆనుకుని కదిలే ట్యాపెట్లు ఆ తుప్పు దగ్గరే చెక్కుకుంటూ పోతాయి. అందుకే "చాలా తక్కువ గంటలు తిరిగింది" అన్న ప్రకటన కనిపిస్తే నాకు అనుమానమే. క్రమం తప్పకుండా ఎగిరిన ఇంజినే నయం. పైగా 1977 నుంచి 80 దాకా వచ్చిన 172ల్లోని ఇంజిన్ రకానికి ఈ క్యామ్ జబ్బు మరీ ఎక్కువ. 1981లో ఇంజిన్ మార్చారు. ఆ ఏడాది నుంచి వచ్చినవే చూశాను.

కొనేముందు ఆ విమానాన్ని అంతకుముందెప్పుడూ ముట్టని మెకానిక్‌నే పెట్టుకోవాలి. మా మెకానిక్ ఆయిల్ ఫిల్టర్ డబ్బా కోసి, లోపలి మడతల కాగితాన్ని బల్ల మీద పరిచి, ఒక్కో మడతా విప్పి టార్చి వేసి చూశాడు. తర్వాత అయస్కాంతం తిప్పాడు. ఇనుప రజను ఏమీ అంటుకోలేదు, అంటే లోపల ఏదీ అరిగిపోవట్లేదన్నమాట. నాలుగు సిలిండర్ల కంప్రెషనూ, అంటే గాలి ఒత్తిడి ఎంత నిలుస్తుందో చూసే పరీక్షలో, 80కి 70 పైనే వచ్చింది. అప్పటిదాకా నాకు ఒకటే టెన్షన్.

ఇక సేఫ్టీ సామాను. నువ్వడిగింది దీని గురించే కదా. సెస్నాల్లో ముందు సీట్లు పట్టాల మీద జరుగుతాయి. పట్టా చిల్లులు అరిగిపోయి టేకాఫ్‌లో పిన్ను ఊడితే సీటు వెనక్కి జారుతుంది, పైలట్ కంట్రోల్ పట్టుకునే వెనక్కి పోతాడు, ముక్కు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఇలా ప్రాణాలు పోయాయి రా. అందుకే ఆ చిల్లుల తనిఖీని ఇక్కడి విమానయాన శాఖ ఎఫ్ఏఏ తప్పనిసరి చేసింది. పిన్ను ఊడినా సీటును ఆపే అదనపు లాక్ మా దాంట్లో ఉంది.

భుజం బెల్టులు ముందు సీట్లకు 1978 జులై తర్వాత తయారైన విమానాల్లో తప్పనిసరి. వెనక సీట్లకు 1986 డిసెంబర్ తర్వాతే వచ్చింది ఆ రూలు. అంటే చట్టం ప్రకారం మా వెనక సీటుకి నడుం బెల్టు చాలు. పాత ఓనర్ మాత్రం తన పిల్లల కోసం వెనక కూడా భుజం బెల్టులు పెట్టించాడు. అది చూడగానే ఇదే కొనాలని నిశ్చయించుకున్నా. మా పాప కూర్చునేది అక్కడే.

నేను వెంటనే కొన్నది మాత్రం కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం. క్యాబిన్ హీటర్‌కి వేడి సైలెన్సర్ చుట్టూ తిరిగొచ్చే గాలి నుంచే వస్తుంది. సైలెన్సర్‌లో సన్నని పగులొచ్చినా చాలు, ఆ గ్యాస్ మన ముక్కుల్లోకే. వాసన రాదు, మత్తుగా ఉంటుందంతే. 2019లో ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా చనిపోయిన విమానంలో ఈ గ్యాస్ చేరిందని దర్యాప్తులో తేలింది. ఇన్ని వేల డాలర్లు పోసి విమానం కొని, వంద, రెండొందల డాలర్ల అలారం పెట్టుకోకపోవడం నాకు అర్థం కాదు.

విమానం ఎటు వాలిందో చూపించే, వాక్యూమ్ పంప్‌తో నడిచే పాత గైరో మీటర్లు పీకేసి, సొంత బ్యాటరీ ఉన్న ఎలక్ట్రానిక్ మీటర్లు పెట్టారు. మా డాలస్ చుట్టూ ఎగరాలంటే, విమానం ఎక్కడుందో ఎప్పటికప్పుడు రేడియోలో చెప్పే ఏడీఎస్-బీ అనే పరికరం 2020 నుంచి తప్పనిసరి, అదీ ఉంది.

పారాచూట్ సంగతి కూడా అడిగావు. విమానం మొత్తాన్ని మోసుకుని దిగే పారాచూట్ సిర్రస్ విమానాలకు కంపెనీ నుంచే వస్తుంది. దానితో మొదటిసారి ప్రాణం దక్కింది ఇక్కడే, మాకు దగ్గర్లోని లూయిస్‌విల్‌లో, 2002 అక్టోబర్‌లో. విమానాన్ని పక్కకి వంచడానికి రెక్క చివర ఉండే ఎయిలెరాన్ అనే పలక ఒకటి ఊడొచ్చినా ఆ పైలట్ క్షేమంగా దిగాడు. 172కీ అలాంటిది బిగించుకోవచ్చు. కానీ సుమారు 36 కిలోల బరువు, సామాన్ల చోటు చాలావరకు అదే తినేస్తుంది. మేం ముగ్గురం ఎక్కి, పెట్రోల్ నింపితే ఇక సామానుకు మిగిలేది కొంచెమే. డబ్బుంటే మాత్రం సిర్రసే కొనేవాణ్ణి, అందులో సందేహం లేదు. అయితే దానికి పదేళ్లకోసారి పారాచూట్ మార్చాలి, మన డబ్బుల్లో పది లక్షలు దాటుతుంది.

మీ చెల్లెలు ముందు భయపడింది, ఇప్పుడు తనే చెక్‌లిస్ట్ చదివి వినిపిస్తోంది. ఇంజిన్ లోపల ఎంత అరుగుతోందో తెలుసుకోవడానికి ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపితే రిపోర్టు వచ్చింది. ఫొటో వాట్సాప్‌లో పెడుతున్నా. అందులో ఐరన్, కాపర్ అంకెలు చూసి నీకేమనిపిస్తోందో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

నీ
రాజు