ఖాళీల కబురు మాకూ చేరాలి

సంపాదకులకు,

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో ఒక పోస్టు ఖాళీ అయితే ఆ కబురు ముందు టీ బడ్డీ దగ్గరే తెలుస్తుంది. ఎవరు మానేస్తున్నారు, ఎవరు కొత్త బ్లాకు తెరుస్తున్నారు, మూడేళ్ల అనుభవానికి ఎంత ఇస్తున్నారు... అన్నీ అక్కడే. మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబుల్లో పనిచేసే మాలాంటి ఆడవాళ్లం షిఫ్టు దిగగానే కంపెనీ బస్సెక్కి విజయనగరమో శ్రీకాకుళమో చేరి వంటింట్లో పడాల్సిందే. బడ్డీ దగ్గర ఆగే తీరిక లేదు, ఆగితే ఊరుకునే లోకమూ కాదు. మాకు తెలిసేసరికి ఆ కుర్చీలో ఎవరో కూర్చుని ఉంటారు.

దగ్గరి స్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఉద్యోగాల సమాచారం ఎక్కువగా అందుతుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే చెప్పారు. మాకు కరువైనవి ఆ ముఖపరిచయాలే. హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో తేల్చే యంత్రం) మీద బాగా చేయి తిరిగిన మా సహోద్యోగి ఒకామెకు, అదే పనికి పక్క కంపెనీలో ఎంత జీతమిస్తారో తెలిసింది ఒక పెళ్లి భోజనాల్లో, పక్క విస్తరి ముందు కూర్చున్నావిడ చెబితే. మర్నాడే వెళ్లి హెచ్‌ఆర్‌ను అడిగింది. కొంత పెంచారు కూడా. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో సవరణ వచ్చింది. ఆ సంగతి తెలియక బిడ్డ కోసం ఉద్యోగం వదిలేసినవాళ్లు మా బస్సులోనే ఉండేవారు.

పల్లెల్లో డ్వాక్రా సంఘాలు అప్పులే కాదు, నలుగురిలో కూర్చుని మాట్లాడే ధైర్యమూ ఇచ్చాయి. సొంతంగా పరిశ్రమ పెట్టే మహిళల కోసం 1993లో ఎలీప్ అనే సంఘం పుట్టింది. నెల జీతం మీద బతికే మాకు ఈ జిల్లాలో అలాంటి చోటేదీ కనిపించదు. వాట్సాప్ గ్రూపులు లేవా అంటారు. ఉన్నాయి. పొద్దున పువ్వులు, మధ్యాహ్నం చీరలు. ఖాళీల సంగతి ఎవరైనా పెట్టినా ఆ గుట్ట కింద పడిపోతుంది.

నెలకో ఆదివారం మధ్యాహ్నం విజయనగరం జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక గది ఇప్పించాలని అధికారులను కోరుతున్నాం. కెమిస్టులు, నర్సులు, అకౌంటెంట్లు, ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు ఎవరైనా రావచ్చు. జీతాలెంతో దాపరికం లేకుండా చెప్పుకోవాలి. కాన్పు తర్వాత మళ్లీ ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఎవరిని కలవాలో తెలియాలి. పిల్లల్ని వెంట తెచ్చుకోనివ్వాలి, లేకపోతే సగం మంది రారు. దాన్ని మార్చి 8న శాలువాలు కప్పే సభగా మాత్రం మార్చొద్దు. తాళం ఎవరి దగ్గరుంటుందో చెబితే చాలు, ఊడ్చుకోవడం, కుర్చీలు వేసుకోవడం మేమే చూసుకుంటాం.

– ఒక కెమిస్టు, విజయనగరం