తోరణాలు కోట గుమ్మాలు కావు

సంపాదకుడు గారికి,

మొన్నటి ఆదివారం కాదు, అంతకుముందు ఆదివారం మీ అనుబంధంలో ఓరుగల్లును ఒక్కరోజులో చుట్టి రావడం గురించి వేసిన కథనం మీద ఈ ఉత్తరం. ఈపాటికి ఎవరో ఒకరు తప్పు ఎత్తిచూపుతారని, మీరు సవరణ వేస్తారని ఎదురుచూశాం. వేయలేదు.

పెద్ద ఫొటో కింద 'కాకతీయుల కోట ద్వారం' అని రాశారు. అది కోట ద్వారం కాదు. కోట నడిమధ్య ఉండిన స్వయంభూ శివాలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా నిలిపిన కీర్తి తోరణాల్లో ఒకటి. తలుపులు బిగించి శత్రువును ఆపడానికి కట్టింది కాదు. దగ్గరికి వెళ్లి తలెత్తి చూస్తే పై దూలం నుంచి వేలాడే తామర మొగ్గలు, మాలలు, రెండు కొసల మీద హంసలు కనిపిస్తాయి. 1323లో ఢిల్లీ సేనలు కోట పట్టాక గుడి పోయింది, తోరణాలు మిగిలాయి. తెలంగాణ రాజముద్రలో ఉన్న తోరణం ఇదే. దీనికే పేరు తప్పు రాస్తే ఇంక చెప్పేదేముంది?

అసలు కోట వాకిళ్లు రాతిగోడకు ఉన్నాయి, నాలుగు దిక్కులా. మీ కథనంలో వాటి ఊసే లేదు. మొదటి వాకిలి దాటగానే ఎదురుగా గోడ అడ్డం వస్తుంది. పక్కకు తిరిగితే ఇంకో వాకిలి. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపును కుమ్మే జాగా లేకుండా, మలుపులో ఆగినవాణ్ని పైనుంచి కొట్టడానికి వీలుగా కట్టారు. ఈ రోజుకీ ఆటోలు ఆ వంకర దారిలోనే వేగం తగ్గించి తిరుగుతాయి. ఎందుకు తిరుగుతున్నామో ఎక్కినవాళ్లకు చెప్పే బోర్డు కావాలి. తెలుగులో, చదవగలిగేంత పెద్ద అక్షరాలతో.

గణపతిదేవుడు, ఆయన తరవాత రుద్రమదేవి బలపరిచిన ఈ రాతిగోడ వ్యాసం దాదాపు 1.2 కిలోమీటర్లు. దాని బయట మట్టికోట, దాని వ్యాసం సుమారు 2.4 కిలోమీటర్లు. తెలియనివాళ్లు దాన్ని చెరువు కట్ట అనుకుని దాటిపోతారు. రాతిగోడ లోపలి వైపు మట్టి వాలు, దాని మీద మెట్లు ఉన్నాయి. ఎండ ముదరకముందే ఎక్కాలి. కాళ్లకు బూట్లు తప్పనిసరి, సర్కారు తుమ్మ ముల్లు చెప్పులోంచి దిగుతుంది.

ఖుష్ మహల్‌ను కాకతీయుల రాజభవనం అన్నారు. కొనలు తేలిన ఆ కమానులు, పైకి పోయేకొద్దీ లోపలికి వాలే ఆ గోడలు కాకతీయుల పనితనం కావు. ఆ కట్టడం వాళ్ల తరవాతి కాలానిది. పక్కపక్కనే ఉన్న రెండు కాలాల కట్టడాలను పోల్చి చూసే అవకాశాన్ని మీ పాఠకులకు లేకుండా చేశారు.

ఇక ఆ టైం టేబులు! వేయిస్తంభాల గుడికి అరగంట, కోటకు గంట, సాయంత్రానికి రామప్ప. రామప్ప గుడి ఉన్న పాలంపేట ఊరవతల లేదు, అరవై కిలోమీటర్ల పైమాటే. 1213 నాటి ఆ గుడికి వేరే రోజు పెట్టుకోవాల్సిందే. ఒక్కరోజే ఉన్నవాళ్లు పొద్దున కోట చూసి, ఎండ దిగాక హనుమకొండ చేరాలి. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు. అక్కడి శాసనం దగ్గర ఆగకుండా నంది ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తే సగమే చూసినట్టు. బాగుచేయడానికి రాళ్లు విప్పి ఏళ్ల తరబడి అలాగే ఉంచిన అక్కడి కల్యాణ మండపం 2024 మార్చిలో తెరిచారు, అదీ చూడాలి. హనుమకొండలోనే ఉన్న పద్మాక్షి గుట్ట జైన శిల్పాలను, 1117 నాటి శాసనాన్ని మీరు పూర్తిగా వదిలేశారు.

తప్పు మీ ఒక్కరిదే అనడం లేదు. చూసుకోవాల్సిన అధికారులు ఉత్సవం ఉంటే రంగు లైట్లు కడతారు, మర్నాడు కనిపించరు. రాతిగోడలో సున్నం లేదు, రాయి మీద రాయి పేర్చింది. సందులో రావి మొలిస్తే వేరు లావయ్యేకొద్దీ రాయిని బయటికి తోస్తుంది. పై కొమ్మలు నరికి ఫొటో తీయించుకుంటే పని అయిపోదు, వానలు పడగానే మళ్లీ చిగురేస్తుంది. పట్టి పెరికితే వేరుతో పాటు రాయి కూడా ఊడి వస్తుంది. మొదలు కోసి, మందు పెట్టి, వేరు చచ్చేదాకా ఆగి, తరవాత ఆ సందు పూడ్చాలి. ఏటా తిరిగి చూసుకోవాల్సిన పని ఇది, ఒకసారి టెండరు పిలిచి మరిచిపోయేది కాదు. జిల్లాల పేర్లు మార్చడానికి దొరికిన తీరిక దీనికి ఎందుకు దొరకదు?

దయచేసి సవరణ లోపలి పేజీ మూలన కాకుండా అదే అనుబంధంలో, అంతే పెద్దగా వేయండి. ఈసారి ఫొటోగ్రాఫరును తూర్పు వాకిలికి పంపండి. పొద్దున ఎనిమిది లోపు వెళ్తే ఎండ నేరుగా దాని బయటి ముఖం మీద పడుతుంది.

- ఒక పాఠకుడు, హనుమకొండ