ఆ ఉద్యోగం రాలేదు అన్నయ్యా

ప్రియమైన అన్నయ్యకి,

నేనిక్కడ క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను.

ఫోన్‌లో అమ్మ పక్కనే ఉండటంతో వివరంగా చెప్పలేకపోయాను. ఆ డెవలపర్ ఉద్యోగం రాలేదు. రాకపోవడం ఒక ఎత్తు, ఇంటర్వ్యూ చివరి రౌండ్ జరిగిన తీరు ఒక ఎత్తు.

మొదటి రౌండ్ చేసినావిడ చాలా బాగా మాట్లాడారు. నేను ఆగినచోటల్లా "ఏం ఆలోచిస్తున్నారో పైకి చెప్పండి" అనేవారు. ఆ ధైర్యంతోనే చివరి రౌండ్‌కి కూర్చున్నాను. ఆ రౌండ్ చేసినాయన బైనరీ సెర్చ్, అదే వరసలో పేర్చిన జాబితాని సగం సగం చేసుకుంటూ వెతికే ప్రోగ్రాం, రాయమన్నారు. మధ్య స్థానం కోసం, వెతికే భాగానికి మొదలైన 'లో', చివరైన 'హై' రెండూ కూడి సగం చేయకుండా, 'హై' నుంచి 'లో' తీసేసి, అందులో సగాన్ని 'లో'కి కలిపాను. వెంటనే "ఫార్ములా తప్పు" అన్నారు. లో 4, హై 10 అనుకుంటే ఎలా చేసినా 7 వస్తుందని కోడ్ పక్కనే కామెంట్‌గా టైప్ చేశాను. చూడలేదు. ఆయన కళ్లు వేరే స్క్రీన్ మీదున్నాయి, ఏదో టైప్ చేస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నీకు తెలుసుగా, 32 బిట్ల ఇంటిజర్‌లో 2,147,483,647 దాటిన సంఖ్య పట్టదు. 'లో', 'హై' బాగా పెద్దవైతే జావాలో వాటి కూడిక మైనస్‌లోకి పోతుంది. జావా లైబ్రరీలోనే ఈ బగ్ ఏళ్ల తరబడి ఉండిపోయిందని ఆ కోడ్ రాసిన జాషువా బ్లాకే 2006లో చెప్పాడు. అందుకే అలా రాశానని చెప్పబోతే "టైమ్ లేదు, తర్వాతి ప్రశ్న" అన్నారు. ఆ తర్వాత ఇక నాకు మనసు నిలవలేదు.

రెండు రోజులకి వేరేవాళ్లని తీసుకున్నామని ఒక్క లైను మెయిల్ వచ్చింది. ఎక్కడ తగ్గానో చెప్పమని రాస్తే జవాబే లేదు. ఇది అన్యాయం అన్నయ్యా. ఆఫీసు పని అయ్యాక రాత్రుళ్లు కూర్చుని చదివినవాడికి రెండు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నాకంటే బాగా చేసినవాళ్లకి ఇచ్చి ఉంటే ఇవ్వనీ, బాధ లేదు. నా మాట వినకుండానే తప్పనేశారు, అదే మింగుడుపడటం లేదు.

ఇప్పటి ఉద్యోగం ఉంది కాబట్టి వీసాకి ఢోకా లేదు. అమ్మ టెన్షన్ పడుతుంది, ముందు ఆ మాట చెప్పు.

ఇంకో చోట నుంచి పిలుపొచ్చింది. వాళ్లు ఇంటి దగ్గరే చిన్న ప్రోగ్రాం రాసి పంపమన్నారు, దాని మీదే మాట్లాడతారట. తర్వాత సిస్టమ్ డిజైన్ రౌండ్, అంటే పెద్ద సాఫ్ట్‌వేర్‌ని ఎలా కడతావో అడిగేది, ఉంటుంది. ఆదివారం వీలు చూసుకుని ఓ గంట నన్ను ప్రశ్నలడుగు. నేను చెప్పేది పూర్తిగా విని, అప్పుడు తప్పులు చెప్పు.

నీ తమ్ముడు