సిండ్రెల్లా వాళ్ళ నాన్న ఏం చేస్తున్నట్టు?

ఒసే పద్దూ,

మొన్న నువ్వు ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదే. నీ పెళ్ళి చీర గురించీ రిజిస్టర్ ఆఫీసు గురించీ గంట వాగి వాగి చివర్లో మెల్లిగా అన్నావు చూడు, "ఆయన కూతురికి తొమ్మిదేళ్ళే, సిండ్రెల్లా అంటే పిచ్చి, గది నిండా అవే బొమ్మలు, నన్ను చూస్తే ఆ సవతి తల్లే గుర్తొస్తుందేమో" అని. అప్పుడు నవ్వేశా గానీ అది మనసులో ఉండిపోయింది. వాయిస్ మెసేజ్ పెడదామంటే మా ఆయన గురక కూడా రికార్డయ్యేలా ఉంది, అందుకే టైపు చేస్తున్నా, పొడుగైతే తిట్టుకోకు.

నిన్న రాత్రి ఆ 1950 డిస్నీ బొమ్మల సినిమా మళ్ళీ చూశా. చిన్నప్పుడు మీ ఇంట్లో చూసినప్పుడు మనకి ఎలకలే గుర్తు కదా, ఆ లావు ఎలక మొక్కజొన్న గింజలు మొయ్యలేక పడిపోతే నువ్వు సోఫా మీంచి దొర్లావు. ఈసారి నా కళ్ళన్నీ ఆ సవతి తల్లి మీదే. అరవదు, కొట్టదు, మంచం మీద కూచుని టీ తాగుతూ మెత్తగా పన్లు పురమాయిస్తుంది అంతే. గొంతు ఇచ్చినావిడ ఎలెనార్ ఆడ్లీ అట, 1959లో స్లీపింగ్ బ్యూటీలో మాలెఫిసెంట్ గొంతు కూడా ఆవిడదే, వింటే వెన్నులో చలి. చివర్లో చేతికర్ర అడ్డం పెట్టి గాజు చెప్పు పగలగొట్టిస్తుంది చూడు, నిజం చెప్పనా, కథలో బుర్ర వాడింది ఆవిడొక్కతే.

సరే, అసలు విషయం అది కాదు. వాళ్ళ నాన్న! సినిమా మొదలైన కాసేపటికే పోతాడు, అదీ వెనక నుంచి ఎవరో కథ చెప్తుంటే. హాయిగా తప్పుకున్నాడు. నాకు డౌటొచ్చి పాత కథలు తీసి చదివా. 1697లో ఫ్రెంచాయన పెరో రాసిన దాంట్లో (గుమ్మడికాయ బండీ, గాజు చెప్పూ ఈయనవే) నాన్న చావలేదే, ఇంట్లోనే ఉన్నాడు! పెళ్ళాం చెప్పుచేతల్లో ఉన్నాడు కాబట్టి పిల్ల చెప్పుకున్నా తిడతాడు గనక పిల్ల చెప్పుకోలేదట, ఒక్క వాక్యంలో తేల్చేశాడు. ఆ సవతి అక్కల్ని మాత్రం చివర్లో సిండ్రెల్లా క్షమించి పెద్దింటి సంబంధాలు కూడా చూస్తుంది.

జర్మనీ గ్రిమ్ అన్నదమ్ములది ఇంకా ఘోరం. అందులో దేవత లేదు, అమ్మ సమాధి మీద చెట్టు, దాని మీద పిట్ట, అదే బట్టలిస్తుంది. చెప్పు పట్టాలని ఒకత్తి కాలివేలు కోసుకుంటుంది, ఇంకోత్తి మడమ కోసుకుంటుంది, కత్తి ఇచ్చింది కన్నతల్లే, "రాణివయ్యాక నడిచే పనేముంటుందే" అని. నెత్తురు చూసి పావురాలు చెప్పేస్తాయి. ఇదంతా జరుగుతుంటే నాన్న అక్కడే ఉన్నాడే! ఇంకో అమ్మాయి లేదా అని రాకుమారుడు అడిగితే "లేదు, పోయిన నా భార్య కూతురొకత్తి ఉంది, ఎదుగూ బొదుగూ లేని పిల్ల, అది కాదులెండి" అంటాడు. కన్నతండ్రి! ఆఖర్న పావురాలు అక్కల కళ్ళు పొడిచేస్తాయి గానీ ఈయన జోలికి పిట్ట కూడా పోదు.

హాన్సెల్, గ్రెటెల్ కథా అంతే. పిల్లల్ని అడవిలో వదిలేద్దాం అంది సవతి తల్లి, వదిలొచ్చింది ఇద్దరూ కలిసి. చివరికి ఆవిడ చచ్చిపోతుంది, పిల్లలు మంత్రగత్తె ఇంట్లో దొరికిన రత్నాలు తెచ్చి నాన్న ముందు పోస్తారు.

ఇంకోటి విను, ఇది చదివి లేచి కూచున్నా. 1812లో గ్రిమ్ వాళ్ళు మొదట అచ్చేసిన స్నో వైట్‌లో ఆ పిల్లని చంపించాలనుకున్నది సవతి తల్లి కాదు, కన్నతల్లే. 1819 ఎడిషన్‌కి మార్చేశారు. హాన్సెల్ వాళ్ళమ్మని కూడా తర్వాత ఎప్పుడో సవతిని చేశారు. కన్నతల్లి అలా చేస్తుందంటే బాగోదు కదా, పక్కింటావిడ మీదకి తోసేసినట్టు తోసేశారు, ఆ తర్వాత డిస్నీ 1937లో స్నో వైట్‌ని పెద్ద సినిమాగా తీసి ప్రపంచమంతా అదే ఖాయం చేసింది.

మనమేం తక్కువ తిన్లేదులే. మన రాజమండ్రి సారంగధరుడు? పావురం ఎగిరి సవతి తల్లి చిత్రాంగి మేడలో వాలింది, తెచ్చుకోడానికి వెళ్ళాడు, ఆవిడ మోహించింది, వీడు కాదంటే నింద వేసింది. 1957 సినిమాలో భానుమతి చిత్రాంగి, ఎన్టీఆర్ సారంగధరుడు. అందరం చిత్రాంగిని తిడతాం. కానీ కొడుకు కోసమని చూసిన పిల్లని కత్తికిచ్చి పెళ్ళి జరిపించి తను చేసుకున్నదెవరు? విచారణ లేకుండా కన్నకొడుకు కాళ్ళూ చేతులూ నరికించిందెవరు? వాళ్ళ నాన్న రాజుగారే కదా! చరిత్రలో అలా జరగలేదంటార్లే, కథ సంగతే అంటున్నా. పేపర్లో కూడా ఢిల్లీ నిధులివ్వకపోతే "సవతి తల్లి ప్రేమ" అని హెడ్డింగ్, సవతి తండ్రి ప్రేమ అని ఎప్పుడైనా చదివావా?

మా నాయనమ్మ మా పెద్దనాన్నకి సవతి తల్లే కదా. ఆయన సన్నగా ఉంటే ఆవిడ అన్నం పెట్టట్లేదని వీధంతా అనేవాళ్ళట. ఆవిడ కడుపున పుట్టిన మా నాన్న అంతకన్నా పుల్ల, దాని గురించి ఎవడూ నోరెత్తలేదు.

2015లో మనుషులతో తీసిన సిండ్రెల్లా ఉంది కదా, కేట్ బ్లాంచెట్ సవతి తల్లిగా వేసింది, అది మాత్రం ఈ వారమే చూడు. నాన్న ఊరెళ్ళే ముందు కూతురితో, పోయిన మీ అమ్మే ఈ ఇంటికి ప్రాణం అన్నట్టు మాట్టాడతాడు, తలుపు పక్కన ఈవిడ నించుని వింటుంది. అంతే, ఆ మొహం. తర్వాత చేసినవన్నీ తప్పులే, కాదన్ను, కానీ ఆ మాట వినపడేలా అన్నవాడు తాపీగా బండెక్కి వెళ్ళిపోయాడు.

అందుకే పెళ్ళికి ముందే మీ ఆయనతో కూచుని మాట్టాడవే. వాళ్ళమ్మ ఫొటో హాల్లోనే ఉంచమను, తియ్యద్దు, ఆవిడ గురించి మాట్లాడాలనుకుంటే నీ ఎదురుగానే మాట్టాడమను. పిల్ల హోంవర్కూ, జడలూ, జ్వరం వస్తే రాత్రి లేవడం, అన్నీ "నువ్వు చూసుకో" అని నీ మీద వదిలేసి ఆయన మంచోడై కూర్చుంటే మాత్రం నాకు ఫోన్ చెయ్యి, నేనొస్తా.

ఆ, మర్చిపోయా, పిల్లకి మొదటిసారి షూ కొనిస్తానన్నావు కదా, సైజు వాళ్ళ నాన్ననడక్కు, ఆయనకి తెలీదు, పందెం. పిల్లనే షాపుకి తీసుకెళ్ళు. ఒక సైజు పెద్దదే కొను, వేళ్ళు కోసుకునే పని లేకుండా.

నీ
సుజ్జి