కార్డు మీద లేని వచనం

సీతాఫల్‌మండి,
2024 డిసెంబర్ 29, ఆదివారం రాత్రి

చిన్నా,

నువ్వు పంపిన నాలుగు పేజీలూ నిన్న రాత్రి ఫోనులో ఒకసారి చదివాను. ఇవాళ చర్చి నుంచి వచ్చాక కళ్లద్దాలు తుడుచుకుని మరోసారి చదివాను. మీ నాన్నకు చదివి వినిపించాను. ఆయన మధ్యలో లేచి వెళ్లి కుండీలకు నీళ్లు పోశారు, రాత్రి తొమ్మిదింటికి. అంతకు మించి ఆయన ఎలా ఉన్నారో చెప్పనక్కర్లేదు, మీ నాన్న సంగతి నీకు తెలుసు.

ఫోనులో మాట్లాడితే నాకు ఏడుపు వస్తుంది, నువ్వు "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకని కాగితం తీసుకున్నాను. ముప్పై ఏళ్లు పిల్లల వ్యాసాలు దిద్దిన చేయి కదా, అలవాటుగా ఎర్ర పెన్ను కోసం వెతికింది. పట్టుకోలేదు. రెండో పేజీలో 'విశ్వాసం'లో వత్తు ఎగిరిపోయింది, చూసీ చూడనట్టు వదిలేశాను.

ఆగస్టు నుంచి నీకు ఉద్యోగం లేదన్న సంగతి మాకు నిన్నటిదాకా తెలియదు. ప్రతి ఆదివారం మాదాపూర్ నుంచి వచ్చావు, చింతపండు పులుసు బాగుందన్నావు, కానుకల సంచిలో ఎప్పటిలాగే వంద రూపాయలు వేశావు. ఆ వంద ఎవరి దగ్గర తెచ్చావో అనుకుంటే ఇవాళ అన్నం సహించలేదు. ఎందుకు దాచావని అడగను. దాచడం ఎవరి దగ్గర నేర్చుకున్నావో ఈ ఉత్తరంలో కాస్త కింద రాస్తాను.

ముందు ఆ కార్డు సంగతి. జనవరి ఒకటిన చర్చిలో పళ్లెంలోంచి తీసుకున్న వాగ్దానం కార్డును ఏడాదంతా ఫోను వెనక కవర్లో పెట్టుకుని తిరిగానని రాశావు. బైబిలులో యిర్మియా 29:11. దేవుడు మన విషయంలో ఉద్దేశించినవి "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న వాక్యం. ఉద్యోగం పోయిన రోజు దాన్ని బయటికి తీసి చూస్తే వెక్కిరించినట్టు అనిపించిందన్నావు. అనిపిస్తుంది మరి. ఆ కార్డులు కత్తిరించే పని చాలా ఏళ్లుగా నాదే. అట్ట మీద వరసగా అచ్చయి వస్తాయి, గీత వెంట కత్తెర వేయాలి. ఎన్ని వందలు కత్తిరించానో, ఒక్కదాని మీదా భయపెట్టే మాట ఉండదు. పదకొండో వచనం ఉంటుంది, పదో వచనం ఉండదు.

పదో వచనం తీసి చూడు. బబులోనులో డెబ్బై ఏళ్లు గడిచాకే మిమ్మల్ని వెనక్కి రప్పిస్తానని ఉంటుంది. ఆ అధ్యాయంలో చాలా భాగం అసలు ఒక ఉత్తరమే. యెరూషలేములో ఉన్న యిర్మియా ప్రవక్త, బబులోనువాళ్లు చెరపట్టుకుపోయిన తన జనానికి రాసి పంపింది. దాన్ని విన్నప్పుడు ముప్పై ఏళ్లున్న మనిషి, వందేళ్లు బతికితే తప్ప ఆ వాగ్దానాన్ని కళ్లతో చూడడు. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని చెప్పాడు. జనానికి ఎవరి మాట తీయగా ఉండి ఉంటుందో ఊహించుకో. డిసెంబర్ 31 రాత్రి ప్రసంగించేవాళ్లలో హనన్యా చుట్టాలు కొందరు ఉంటారు. ఈ మాట నేను అన్నట్టు యూత్ మీటింగులో చెప్పకు.

ఆ డెబ్బై ఏళ్లూ ఏం చేయాలో కూడా ఉత్తరంలో ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని. నీ మూడో పేజీలో బ్రాకెట్లో ఒక వాక్యం పెట్టావు: పనేమీ లేదు కాబట్టి, హాస్టల్లో వంట చేసే ఆమె భర్తను సెప్టెంబర్‌లో పదకొండు రోజులు గాంధీ ఆసుపత్రికి తిప్పానని. వృథాగా పోయిన రోజుల లెక్కలో దాన్నీ వేశావు. నీ సాక్ష్యం అదేరా అని నేను అనను, అంటే నీకు కోపం వస్తుంది, వచ్చినా న్యాయమే. కానీ ఆయనకు ఇప్పుడు ఎలా ఉందో రాయలేదేం? వాక్యం అక్కడ ఆపేస్తే ఎలా?

సాక్ష్యం అంటే గుర్తొచ్చింది, మంగళవారం రాత్రి ఆరాధనకు రానన్నావు. కొత్త సంవత్సరం ప్రార్థనకు ముందు, ఏడాదిలో దేవుడు చేసిన మేలు లేచి చెప్పమని సాక్ష్యాల సమయం పెడతారు, ఎవరో ఒకరు నీ వైపు తిరిగి "లే బాబూ, నువ్వూ చెప్పు" అంటారు, అదీ నీ భయం. తెలుసు. వీసా వచ్చినవాళ్లు లేస్తారు, మెడికల్ సీటు వచ్చిన పిల్ల తల్లి లేస్తుంది, మోకాలి ఆపరేషన్ బాగా జరిగినాయన కర్ర పట్టుకుని మరీ లేస్తాడు. స్తోత్రం, స్తోత్రం అంటాం. ఏడాదంతా దెబ్బలు తిన్నవాళ్లు మాత్రం చాప అంచు దారాలు లాగుతూ కూర్చుంటారు. తరవాత పాస్టరుగారు ఎప్పటిలాగే అంజూరపు చెట్టు ఉపమానం చెబుతారు. మూడేళ్లుగా కాయని చెట్టును నరికేయమంటాడు యజమాని, తోటమాలి "ఈ సంవత్సరముకూడ ఉండనిమ్ము" అని బతిమాలతాడు. ఇన్నేళ్లూ విన్నాను గానీ, ఆ చెట్టు పక్షాన నిలబడి ఆలోచించింది నీ ఉత్తరం చదివాకే.

ఇక నా సాక్ష్యం. 2004లో లేచి నిలబడి చెప్పాను, అబద్ధం చెప్పాను.

అప్పుడు నీకు ఐదేళ్లు. నాకు కొత్త బడికి బదిలీ అయితే చిలకలగూడలో ఇల్లు వెతికాం. రెండు గదుల పోర్షన్, అద్దె 1,800. ఇంటాయన అరుగు మీద కూర్చుని "మీరు ఎవరమ్మా?" అని అడిగాడు. "టీచర్నండీ" అన్నాను. ఆయన అడిగింది అది కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన ఇంకేమీ అడగలేదు, నేను ఇంకేమీ చెప్పలేదు. బైబిలును బీరువాలో చీరల కింద పెట్టాను. భోజనానికి ముందు ప్రార్థన గొంతు తగ్గించి చేసుకున్నాం. డిసెంబర్ వచ్చేసరికి నువ్వు, యేసు పుట్టిన చోటికి జ్ఞానులకు దారి చూపిన నక్షత్రం కావాలని గొడవ చేశావు. మోండా మార్కెట్ దగ్గర ఎర్ర కాగితం నక్షత్రం కొని తెచ్చి, వంటింట్లో పప్పు డబ్బాల అరకు కట్టాను. కిటికీ మూసి బల్బు వేశాను. నువ్వు కింద నిలబడి చాలాసేపు చూసి, "అమ్మా, ఇది లోపల ఉంటే జ్ఞానులకు ఎలా కనిపిస్తుంది?" అని అడిగావు. ఆ మాట నీకు గుర్తుండదు. నాకు ఇప్పటికీ ఆ వంటింటి కిరసనాయిలు వాసనతో సహా గుర్తుంది.

క్యారల్స్‌వాళ్లు ఆ వీధిలోని మనవాళ్ల ఇళ్లన్నిటికీ డప్పులతో వచ్చారు. మన ఇంటికి రావద్దని నేనే ముందుగా చెప్పి పెట్టాను. ఆ రాత్రి నువ్వు గడప దగ్గరే నిద్రపోయావు. వారం తిరక్కుండా, 31 రాత్రి, మైకు పట్టుకుని "ప్రభువు మాకు మంచి స్థలంలో ఇల్లు అనుగ్రహించాడు" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. మీ నాన్న తల వంచుకున్నారు.

జనవరి ఐదున ఇంటాయన అద్దెకు వచ్చాడు. డబ్బు లెక్కపెట్టుకుని, "పాటలవాళ్లు అందరిళ్లకూ వచ్చారు, మీ ఇంటికి రాలేదేమమ్మా?" అన్నాడు. మొదటి రోజు సామాను దింపుతుంటే ట్రంకుపెట్టెలో బైబిలు చూశాడట! నాకు నోట మాట రాలేదు. ఆయన గుమ్మం దాటుతూ, ఉగాది నుంచి అద్దె 200 పెంచుతున్నానని చెప్పి వెళ్లాడు. పక్క పోర్షన్‌వాళ్లకూ అంతే పెంచాడు.

అయితే మన భయమంతా ఉత్తదేనని అనుకోకు. ఆ తరవాత ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు, బుద్ధి వచ్చిందనుకుని గుమ్మంలోనే మేం క్రైస్తవులమని చెప్పాను. మూడు ఇళ్లవాళ్లు "ఫోన్ చేస్తామమ్మా" అన్నారు. ఏ ఒక్కరూ చేయలేదు. రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకొకటి దాస్తే అది మళ్లీ 2004 సాక్ష్యమే అవుతుంది.

ఇప్పుడు నీ చివరి పేజీ. ఆఫీసులో ఉన్నప్పుడు ఒక స్నేహితుడు నవ్వుతూ "మీ తాతలు బియ్యానికి మతం మారినవాళ్లే కదరా" అన్నాడని, నువ్వూ నవ్వేశావని, ఆ నవ్వు ఇప్పటికీ గొంతులో అడ్డం పడి ఉందని రాశావు.

పోయిన వారం నేను మీ పిన్నితో కలిసి జేబీఎస్‌లో బస్సెక్కి మెదక్ చర్చికి వెళ్లొచ్చాను. క్రిస్మస్ రోజు జనంలో నా మోకాళ్లు నిలబడవని ముందే వెళ్లాం. ఈ నెల 25తో ఆ చర్చికి నూరేళ్లు నిండాయి. 1924 క్రిస్మస్ నాడే ప్రతిష్ఠ జరిగింది. కరవు రోజుల్లో, దాన్ని కట్టించిన మిషనరీ పోస్నెట్ దొర ఊరికే గింజలు పంచకుండా పని కల్పించి తిండి పెట్టాడని, పదేళ్లు సాగిన ఆ కట్టడం అలాగే లేచిందని అందరూ చెప్పుకునేదే. మా తాతయ్య నాన్న అక్కడ సున్నం మోశాడని మా నాయనమ్మ చెప్పేది. 175 అడుగుల ఆ గోపురం కింద నిలబడి పైకి చూస్తే మెడ పట్టేసింది. లోపల రంగుటద్దాల్లో జననం, సిలువ, ఆరోహణం. ఎండ ఉన్నంతసేపే ఆ బొమ్మలు వెలుగుతాయి. మేం చూస్తుండగా మబ్బు పట్టింది, సిలువ మీద నీలం రంగు బూడిదలా అయిపోయింది, మళ్లీ కాసేపటికి తేరుకుంది. ఆయన మోసిన సున్నం ఏ గోడలో ఉందో చెప్పేవాళ్లు లేరు. మీ పిన్ని ఒక స్తంభాన్ని చేత్తో తడిమి "ఇదే అనుకుందాం అక్కా" అంది.

కాబట్టి ఆ అబ్బాయి మళ్లీ అంటే నవ్వకు, కొట్లాడకు. మా ముత్తాత తండ్రికి ఆకలి వేసింది, సున్నం మోసి తిన్నాడు అని చెప్పు. తిండి కోసం వెళ్లాడా, వాక్యం కోసం వెళ్లాడా, నాకు తెలియదు, నేను అక్కడ లేను. రెండూ అయి ఉండవచ్చు. ప్రభువు కూడా ఐదువేల మందిని గడ్డి మీద కూర్చోబెట్టి రొట్టెలు పెట్టినప్పుడు ఎందుకొచ్చారని అడగలేదు. రొట్టెల కోసం నన్ను వెతుకుతున్నారని మందలించిన మాట నిజమే, కానీ అది మర్నాడు, వాళ్లు కడుపునిండా తిన్నాక.

మా నాన్నకు రెండు పేర్లు ఎందుకున్నాయని కూడా అడిగావు. రిజిస్టరులో ఊరి దేవుడి పేరు, చర్చిలో ప్రవక్త పేరు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, ఎస్సీ హోదా హిందువులకే అని. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనల్ని చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకు ఇక్కడ బీసీ-సి కోటా, ఒక్క శాతం రిజర్వేషన్. మతం మారితే ఊళ్లో వాడ మారలేదు, బావి మారలేదు, కులం కాగితం మాత్రం మారిపోయింది. ఆ కాగితం కోసం ఆయన రెండు పేర్లతో బతికాడు. నేను తప్పు పట్టను. నీకు మాత్రం బీసీ-సి సర్టిఫికెట్టే తీయించాలని మీ నాన్న పట్టుబట్టారు, ఆఫీసు చుట్టూ చాలాసార్లు తిరిగారు. ఆ సంగతి ఆయన నీకెప్పుడూ చెప్పి ఉండరు. ఇక చర్చిలోనూ కులం చూసే పెళ్లిళ్లు చేస్తున్నారని నువ్వు కోప్పడ్డావు. అందులో నీతో వాదం లేదు. ఒకే రొట్టె విరిచి తిని, పెళ్లి చూపుల దగ్గరికి వచ్చేసరికి "ఎవరు వాళ్లు?" అని అడిగేవాళ్లలో మీ మేనత్తా ఉంది, ఒకసారి నేనూ ఉన్నాను. అది ఇంకో ఉత్తరానికి దాస్తాను, ఇప్పటికే చేయి నొప్పి పుడుతోంది.

మంగళవారం రావడం, రాకపోవడం నీ ఇష్టం. వస్తే వెనక, చప్పుడు చేసే ఫ్యాను కింద కూర్చుందాం, మైకు తీగ అక్కడిదాకా రాదు. నువ్వు లేవనక్కర్లేదు. నేను మాత్రం ఈసారి లేస్తాను, ఇరవై ఏళ్ల బాకీ ఒకటి ఉంది. రాకపోతే ఒకటో తేదీ మధ్యాహ్నం భోజనానికి రా. పిండివంట గులాబీ పువ్వులు ఇంకా అర డబ్బా ఉన్నాయి, మీ నాన్న కంట పడకుండా దాచాను.

వచ్చేటప్పుడు ఒక బల్బు పట్టుకురా. గేటు మీది నక్షత్రంలోది నిన్న మాడిపోయింది, ఇంట్లో ఉన్నది పెడితే కాగితం కాలేలా ఉంది, చిన్నది కావాలి. ఇంకొకటి, హాస్టల్‌కు ఎన్ని నెలలు బాకీ ఉన్నావో ఈ రాత్రే అంకెల్లో రాసి పంపు. మాటల్లో వద్దు.

మీ అమ్మ