కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, శ్రీకాకుళం

సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, కాలువల పూడికతీత, రథసప్తమికి అరసవల్లి వెళ్ళే భక్తులకు మజ్జిగ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల లెక్క ఇంటింటికీ విడిగా అందించాం. ఈ నివేదికలో మిగతా చోటంతా టైప్ 1 షుగర్ ఉన్న మన కాలనీ పిల్లల సంగతికే తీసుకుంటున్నాను.

నవంబరు 14న బాలల దినోత్సవం, ప్రపంచ మధుమేహ దినం కలిసి వస్తాయి కదా అని ఆ రోజు శిబిరం పెట్టాం. ఆటోకి మైకు కట్టి "షుగర్ ఉన్న పిల్లలందరూ రావాలి" అని చెప్పించాం. పెద్దవాళ్ళు వచ్చారు గానీ పిల్లలు ఒక్కరూ రాలేదు. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఆ రోజంతా తలుపేసుకుని కూర్చుందని తర్వాత వాళ్ళమ్మగారు చెప్పారు. బళ్ళో ఎవరికీ చెప్పుకోని విషయం వీధి మైకులో వినపడితే ఏ పిల్లయినా బయటికొస్తుందా? ఆ తప్పు మాదే.

ఆ తర్వాత మేమే ఇళ్ళకి వెళ్ళాం. ఆ అమ్మాయి షుగర్ రాసుకునే నోటుబుక్కు చూపించింది. వారం రోజుల అంకెలూ ఒకే ఇంకుతో, ఒకే వరసలో ఉన్నాయి. అన్నీ 120, 130. బడి నుంచి వచ్చి బ్యాగు దించకముందే ఇంట్లో మొదటి మాట "షుగరెంత?" ఎక్కువుంటే వెంటనే "ఏటి తిన్నావే?" తిట్లు తప్పించుకోడానికి పిల్ల అంకెలు సొంతంగా రాసేసుకుంటోంది. ఈ వయసులో ఒంట్లో వచ్చే మార్పులకి ఇన్సులిన్ సరిగా పనిచేయదనీ, ఏ తప్పూ చేయకపోయినా షుగర్ పెరుగుతుందనీ మాతో వచ్చిన డాక్టరుగారు చెబితే ఆ తల్లి చాలాసేపు మాట్లాడలేదు. అసలీ జబ్బు మిఠాయిలు తిన్నందుకు వచ్చేది కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని పొరపాటున చంపేయడం వల్ల వస్తుంది. ఇప్పుడు ఆ ఇంట్లో ముందు "బళ్ళో ఏమయింది?" అని అడుగుతున్నారు, మీటరు తర్వాత. నోటుబుక్కులో 280లు కూడా కనిపిస్తున్నాయి. మాకు అదే సంతోషం.

పదో తరగతి కుర్రాడొకడి సంగతి కూడా చెప్పాలి. క్రికెట్‌లో షుగర్ బాగా పడిపోయి వాడికి చేతులు వణికి చెమటలు పడితే స్నేహితుడు జేబులోంచి గ్లూకోజు పొట్లం తీసిస్తాడు, "రెండు ఓవర్లు కూర్చోరా" అంటాడు. వాడు కూర్చుంటాడు, ఆట ఆగదు. ఎవరూ జాలిపడరు. ఆ జట్టులో వాడు షుగర్ పేషెంటు కాదు, ఓపెనింగ్ బ్యాట్స్‌మన్. మా శిబిరం కంటే ఆ స్నేహితుడే ఎక్కువ చేశాడని నా నమ్మకం.

మాఘం నుంచి నెలకో ఆదివారం మేడ మీద కూర్చుంటున్నాం, మైకు లేకుండా. ఇన్సులిన్ మొదటిసారి 1922 జనవరిలో టొరంటోలో ఎక్కించింది లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ అబ్బాయికే అని చెబితే, తమ ఈడువాడేనని పిల్లలు కుతూహలంగా విన్నారు. డిగ్రీ చదివే ఒక అక్క ఉప్మా ప్లేటు ముందు పెట్టుకుని, కబుర్లు ఆపకుండానే ఇన్సులిన్ పెన్నుతో పొట్టకి సూది చేసుకుంది. అప్పటిదాకా బళ్ళో బాత్రూంలో దాక్కుని చేసుకునే మన తొమ్మిదో తరగతి పిల్ల కళ్ళార్పకుండా చూసింది. పై నెల తనూ అందరి మధ్యే చేసుకుంది.

సభ్యులకు ఒక విన్నపం. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఈ ఆడపిల్లల ఎదుట "అయ్యో, రేపు పెళ్ళెలాగవుతాదో" అనకండి. ఆ మాట వాళ్ళు ఏళ్ళ తరబడి మోస్తున్నారు. మాతో చెప్పుకుని ఏడ్చినవాళ్ళున్నారు.

వచ్చే ఏడాది చుట్టుపక్కల బళ్ళలో టీచర్లని కలుస్తాం. ఈ పిల్లలు పరీక్ష హాల్లోకి తినేవి తెచ్చుకోవచ్చని సీబీఎస్ఈ 2017లోనే చెప్పింది. మిగతా బళ్ళలోనూ ఆ వీలు అడుగుతాం. వాచ్‌మన్ గదిలో గ్లూకోజు పొట్లాలు ఎప్పుడూ ఉంటాయి. నవంబరు 14న ఏం చెయ్యాలో, ఎవరిని పిలవాలో ఈసారి పిల్లలే నిర్ణయిస్తారు.

ఇట్లు
కార్యదర్శి