ఉక్కుపాదం సరే, లెక్క ఏదీ?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ప్లాస్టిక్ కవర్లపై 'ఉక్కుపాదం' మోపారని రాశారు. ఆ పాదం ఎవరి నెత్తిన పడిందో రాయలేదు. మా వీధి చివర ఒకావిడ నడిపే కర్రీ పాయింట్ మీద పడింది. తనిఖీకి వచ్చిన ఇద్దరిలో ఒకాయన కవరును రెండు వేళ్ల మధ్య నలిపి 'ఇది 120 మైక్రాన్లు లేదు' అని తేల్చేశాడు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. సాంబారు కోసం పక్కనే నిలబడి ఉన్నా. కొలిచే మిషనేది సార్ అని అడిగితే నన్ను ఎగాదిగా చూశాడు. జరిమానాకు రసీదు మాత్రం ఇచ్చారు. అంతవరకు సంతోషం.

కవరు మందం కనీసం ఇంత ఉండాలని 1999లో 20 మైక్రాన్లన్నారు. 2011లో 40, 2016లో 50, 2021లో 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. మారిన ప్రతిసారీ పాత సరుకు ఆమె నెత్తినే. మందం కవరైతే జనం మళ్లీ మళ్లీ వాడతారట, చెత్త ఏరేవాళ్లూ వదలరట. సాంబారు పోసిన కవరును కడిగి దాచుకునేవాళ్లు తిరుపతిలో ఎంతమంది? ఒక్కో కవరుకు పట్టే ప్లాస్టిక్ రెండింతలు దాటిందే, ఆ లెక్క ఎవరైనా వేశారా?

వెయ్యాలని కేంద్రమే 2014లో ఒక విధానం పెట్టుకుంది. చట్టమైనా, రూల్సయినా ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందుంచాలి, బతుకుదెరువు మీద దెబ్బ ఎంతో, ఖర్చెంతో అందులో చెప్పాలి. ముసాయిదా వచ్చేదేమో గెజిట్‌లో, హిందీలో, ఇంగ్లీషులో. తెల్లారి నాలుక్కే లేచి కూరలు తరిగే ఆవిడ మధ్యాహ్నం తీరిగ్గా గెజిట్ చదివి ఢిల్లీకి అభ్యంతరాలు రాసుకోవాలి కాబోలు! తోపుడుబండ్ల వాళ్ల గతీ ఇంతే. సర్వే అయ్యేదాకా ఎవర్నీ లేపొద్దని అదే 2014లో చట్టం వచ్చింది, ట్రాఫిక్ పేరు చెప్పి బండి లేపేటప్పుడు అది ఎవరికీ గుర్తురాదు.

కొండమీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు మాన్పించినప్పుడు జలప్రసాదం కొళాయిలున్నాయి, గాజు సీసాలు వచ్చాయి. అలా చేస్తే ఎవరు కాదంటారు? కింద ఊళ్లో మాత్రం రసీదు పుస్తకం ఒక్కటే వచ్చింది.

ఇంకొక్క మాట. కవరు మీద తయారుచేసినవాడి పేరు, మందం అచ్చేయాలని 2016 రూల్సులోనే ఉంది. ఆమె కవర్ల మీద ఏమీ లేదు, నేనే తిప్పి చూశా. ఆ సరుకు తయారైన ఫ్యాక్టరీకి, అమ్మిన టోకు కొట్టుకు ఆ రెండు వేళ్లూ ఎప్పుడు వెళ్తాయో కనుక్కుని మీ పేపర్లో వేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి